గొడుగు కట్టుకుని దిగే ఆ పెట్టెలో ఏముంది?

చలికాలం మొదలయ్యే రోజుల్లో దినపత్రికల లోపలి పేజీల్లో అప్పుడప్పుడూ ఓ చిన్న ప్రకటన కనిపిస్తుంది. హైదరాబాద్‌లో ఇ.సి.ఐ.ఎల్. దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం ఒకటుంది. అక్కణ్ణించి పెద్ద పెద్ద బెలూన్లు ఎగరేస్తామనీ, వాటికి కట్టిన శాస్త్ర పరికరాలు పని అయ్యాక రంగుల పారాచూట్లతో నేలకు దిగుతాయనీ, ఎవరికైనా కనిపిస్తే ముట్టుకోకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లోనో పోస్టాఫీసులోనో చెప్పమనీ ఆ ప్రకటన సారాంశం. చెప్పినవాళ్లకి తగిన బహుమతి, అయిన ఖర్చులు ఇస్తామని కూడా ఉంటుంది. టెండర్ నోటీసుల మధ్య ఇరుక్కుని ఉంటుంది గనుక చాలామంది చూడకుండానే పేజీ తిప్పేస్తారు.

ఆ పెట్టెలు ఎక్కడ దిగుతాయో కూడా అందులోనే రాస్తారు. విశాఖపట్నం - హైదరాబాద్ - షోలాపూర్ గీత వెంబడి, హైదరాబాద్‌కి 200 నుంచి 350 కిలోమీటర్ల దూరం వరకూ అట!

మీ పిల్లల అట్లాసు తీసి, హైదరాబాద్ మీద, విశాఖ మీద స్కేలు పెట్టి ఓ పెన్సిలు గీత గీయండి. ఆ గీత మన కొత్తగూడెం నెత్తి మీదుగా పోతుంది. సూటిగా కొలిస్తే హైదరాబాద్ నుంచి మనం రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. అంటే ఆ పెట్టె దిగగల చోటులోనే పాల్వంచ ఉంది, కిన్నెరసాని అడవి ఉంది, భద్రాచలం ఉంది, గోదావరి అవతల ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దాకా టేకు, మద్ది, తునికి, ఇప్ప చెట్ల కింద బతికే ఊళ్లున్నాయి.

మా వీధిలో అడ్డాకు విస్తళ్లు అమ్మడానికి వచ్చే ఓ పెద్దావిడకి ఈ ప్రకటన చదివి వినిపించాను. ఆవిడది గోదావరి ఒడ్డు పల్లె. అడవికి పోయేది తను, ఎప్పుడైనా అలాంటిది కనిపిస్తే భయపడకుండా ఉంటుందని నా ఉద్దేశం. ఆవిడ ఆకుల కట్ట దించి శ్రద్ధగా విన్నది.

“బెలూనంటే జాతరలో అమ్మే బుడగనా అమ్మా?”

“అదే అక్కా, కాకపోతే మన వీధంత పెద్దది.”

“సరే. పెట్టె దొరికిందని చెప్తే పైసలిస్తరంటున్నవు. మరి దాంట్లో ఏమున్నదో మాకు చెప్తరా?”

నేను మళ్లీ ప్రకటన చూశాను. హై వోల్టేజీ ఉండొచ్చు, ప్రమాదం అని ఉంది. విప్పితే విలువైన శాస్త్ర సమాచారం పాడవుతుందని ఉంది. ఆ సమాచారం దేని గురించో మాత్రం ఒక్క ముక్క లేదు. ఆవిడకి ఆ పూట చెప్పగలిగింది చెప్పాను గానీ ఆ ప్రశ్న న్యాయమైనదనిపించింది. మన ఇంటి పెరట్లో ఎవరైనా మూట దింపి, “ముట్టుకోకండి, చూస్తూ ఉండండి” అంటే మనం ఊరుకుంటామా?

అన్ని బెలూన్లూ ఒకే పని మీద వెళ్లవు. కొన్ని పై గాలిని పరీక్షించడానికి వెళతాయి, ఇంకా వేరే పనులూ ఉన్నాయి. కానీ ఆ కేంద్రానికి పేరు తెచ్చిన పనుల్లో ముఖ్యమైనది నక్షత్రాల ఎక్స్‌రేలు పట్టడం. అవును, ఎక్స్‌రేలే!

గాలి అనే గోడ

కొత్తగూడెంలో ఎక్స్‌రే తెలియని ఇల్లుండదు. బొగ్గు బావిలో దిగిన మనిషి ఊపిరితిత్తుల ఫిల్ము గోధుమరంగు కవర్లో బీరువా మీద ఎక్కడో ఒకచోట ఉంటుంది. 1895లో జర్మనీలో రాంట్‌జెన్ అనే ఆయన ఈ కిరణాలు కనిపెట్టినప్పుడు, తీసిన మొదటి ఫోటోల్లో ఒకటి ఆయన భార్య ఆన్నా బెర్తా చేతిది. ఎముకలు, వేలికి ఉంగరం! ఆ లెక్కన ఎక్స్‌రే చరిత్ర ఓ ఇల్లాలి చేతితో మొదలైందన్నమాట.

ఆసుపత్రిలో ఎక్స్‌రే మన శరీరంలోంచి దూసుకుపోతుంది కదా, మరి ఆకాశంలోంచి వచ్చేది గాలిలోంచి రాలేదా? రాలేదు. గాలి పలచనే గానీ మన నెత్తిన ఉన్నది కొన్ని పదుల కిలోమీటర్ల మందం. ఆ గాలి బరువంతా కలిపితే పది మీటర్ల లోతు నీటితో సమానం. నిండు బావి అడుగున కూర్చున్నట్టే మనం! ఎంత బలమైన నక్షత్రం ఎక్స్‌రే అయినా ఆ గాలిలోనే ఇంకిపోతుంది. ఇది మన అదృష్టం. లేకపోతే భూమి మీద బతుకు ఇలా ఉండేది కాదు. కానీ ఆ కిరణాల్ని చూడాలనుకునేవాళ్లకి మాత్రం కొండెక్కినా లాభం లేదు, గాలిని దాటి పైకి పోవాలి.

1962 జూన్ 18 రాత్రి అమెరికాలో రికార్డో జియాకోని బృందం ఒక రాకెట్టు పంపింది. చంద్రుడి నుంచి ఎక్స్‌రేలు వస్తాయేమో చూద్దామని వాళ్ల ఆలోచన. రాకెట్టు గాలి పైన ఉన్నది ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాల్లో వృశ్చిక రాశి వైపు నుంచి ఎవరూ ఊహించనంత ఎక్స్‌రే వెలుగు కనిపించింది. దానికి ‘స్కార్పియస్ ఎక్స్-1’ అని పేరు పెట్టారు. మన పంచాంగం భాషలో చెప్పాలంటే అనూరాధకి కాస్త ఉత్తరంగా ఉంటుంది. మామూలు కంటికి కనబడదు. ఎక్స్‌రే కళ్లే ఉంటే, సూర్యుణ్ణి మినహాయిస్తే ఆకాశంలో ఎప్పుడూ అంత జోరుగా వెలిగేది మరొకటి లేదు! జియాకోనికి 2002లో నోబెల్ బహుమతి వచ్చింది.

రాకెట్టుకి ఖర్చు ఎక్కువ, చూసే సమయం తక్కువ. బెలూన్ అయితే గంటల తరబడి పైన తేలుతుంది. అందుకే మన దేశపు శాస్త్రజ్ఞులు బెలూన్‌ని పట్టుకున్నారు. 1968లోనే హైదరాబాద్ నుంచి ఎగిరిన బెలూన్ పరికరం అదే స్కార్పియస్ ఎక్స్-1ని చూసింది. ప్రపంచమంతా దాని గురించి విని అప్పటికి ఆరేళ్లే.

ఆ బెలూన్ సంగతి వింటే మనలాంటి వాళ్లకి ముచ్చటేస్తుంది. పాలిథీన్ పొరతో చేస్తారు, అదీ మన కూరగాయల కవరు కంటే పలచనిది. ఆరు ముక్కల పెట్టీకోట్ కుట్టినట్టు పొడవాటి పలకలు కత్తిరించి, అంచుకి అంచు చేర్చి వేడితో అతికిస్తారు. ఎక్కడ సూది మోపినంత కంత ఉన్నా అంతే సంగతులు. ఉబ్బాక దాని అడ్డం 50 నుంచి 85 మీటర్లు. లోపల హైడ్రోజన్. రాత్రి ఎనిమిది నుంచి తెల్లవారుజాము ఆరున్నర మధ్యలో వదులుతారు. విమానాలు పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున పోతే ఇది 30 నుంచి 42 కిలోమీటర్లు ఎక్కుతుంది. అక్కడికి చేరేసరికి నూటికి తొంభైతొమ్మిది పాళ్ల గాలి కిందే ఉండిపోతుంది. మిగిలిన ఆ పిసరంత గాలిలోంచి కాస్త గట్టి ఎక్స్‌రేలు దూరి రాగలవు. పని అయ్యాక కింద నుంచి రేడియో సంకేతం ఇస్తే పెట్టె బెలూన్ నుంచి విడిపోతుంది, పారాచూట్ విచ్చుకుంటుంది. ఇక గాలి ఎటు తీసుకెళితే అటు. పొలమా, చెరువా, మన అడవా, దాని ఇష్టం!

ఇంక లోపల ఏముంటుంది? ఎక్స్‌రే పట్టే పెట్టెల్లో జీనాన్ అనే వాయువు నింపిన గదులుంటాయి. వాటిలో సన్నని తీగలు. ఎక్స్‌రే ఒక్కటి లోపలికొస్తే ఆ వాయువులో చిన్న విద్యుత్ మెరుపు లాంటిది పుడుతుంది. దాన్ని లెక్కపెట్టాలంటే తీగలకి బాగా హెచ్చు వోల్టేజీ ఇవ్వాలి. ప్రకటనలో ‘హై వోల్టేజీ, ముట్టుకోవద్దు’ అన్నది ఊరికే బెదిరింపు కాదు. కొన్నేళ్లు కష్టపడి చేసిన ఆ పరికరం చెక్కుచెదరకుండా దొరికితే మళ్లీ ఎగరేయొచ్చు. గొడ్డలితో పగలగొడితే ఆ కొన్నేళ్లూ మట్టిపాలు.

అరుంధతీ వశిష్ఠుల్లా కాదు

ఇంతకీ ఆ ఎక్స్‌రేలు ఎక్కడివి? మామూలు నక్షత్రాలు అంత గట్టిగా ఇవ్వవు. ఇచ్చేవాటిలో పేరుమోసినవి చాలావరకు జంట తారలు.

జంట తార మనకి కొత్తేం కాదు. పెళ్లిపీటల మీంచి లేపి, ఆరుబయటికి తీసుకొచ్చి, “అదిగో అరుంధతి, కనబడిందా?” అని పురోహితుడు అడగడం, కనబడినా కనబడకపోయినా “ఆఁ” అనడం మనందరం చేసిన పనే! సప్తర్షుల్లో వశిష్ఠుడి పక్కన సన్నగా మినుకుమనే చుక్క అరుంధతి. శాస్త్రజ్ఞులు పరీక్షించి చూస్తే వశిష్ఠుడే నలుగురు. అరుంధతికి కూడా ఓ బుల్లి తోడు ఉందని 2009లో తేలింది. మొత్తం ఆరు చుక్కల ఉమ్మడి కుటుంబం! ఆకాశంలో ఇలా ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే నక్షత్రాలు కోకొల్లలు. హైదరాబాద్ శివార్లలో జాపాల్-రంగాపూర్ దగ్గర ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు 48 అంగుళాల దుర్భిణి పెట్టుకుని ఇలాంటి జంటల్నే, ఒకటి ఇంకోదాన్ని గ్రహణంలా కప్పే జంటల్ని, ఏళ్ల తరబడి పరిశోధించారు.

అరుంధతీ వశిష్ఠులది దూరదూరంగా ఉంటూనే కలిసి చేసే సంసారం. ఎక్స్‌రే జంటలది అలా కాదు. అందులో ఒకటి చచ్చిపోయిన నక్షత్రం.

బాగా పెద్ద నక్షత్రం ఇంధనం అయిపోయాక పేలిపోతుంది. నడుమ మిగిలిన గుండె తన బరువుకి తానే నలిగి, ఇరవై కిలోమీటర్ల అడ్డం ఉన్న ఉండగా మారుతుంది. అంటే ఇక్కణ్ణించి పాల్వంచ వెళ్లి తిరిగొచ్చేంత. ఆ ఉండలో మన సూర్యుడి కంటే ఎక్కువ పదార్థం కూరుకుని ఉంటుంది! దీన్ని న్యూట్రాన్ తార అంటారు. అందులోంచి ఒక్క చెంచాడు తీస్తే వంద కోట్ల టన్నుల పైమాటే. మన సింగరేణి గనులన్నీ కలిసి 2023-24లో తవ్విన బొగ్గు ఏడు కోట్ల టన్నులు. ఆ లెక్కన పదేళ్లు తవ్వి పోసినా ఆ చెంచా బరువు తూగదు. సింగరేణి ఊళ్లో ఉండి ఈ లెక్క వేసుకోకపోతే ఎలా!

ఈ చచ్చిన తార పక్కనే బతికున్న తార ఒకటి తిరుగుతుంటుంది. దాని ఒంటి మీది వాయువుని ఇది లాక్కుంటూ ఉంటుంది. ఆ వాయువు గిర్రున సుడి తిరుగుతూ వచ్చి పడేటప్పుడు కోట్ల డిగ్రీలకి కాగిపోతుంది. అంత వేడి వస్తువు మామూలు వెలుగుతో సరిపెట్టుకోదు, ఎక్స్‌రేలు చిమ్ముతుంది. ఒకరు తెచ్చి పోస్తుంటే ఇంకొకరు వెలిగిపోవడం మన ఇళ్లలో మాత్రం చూడనిదా అని మీరనుకుంటే నేను కాదనను.

ఈ తారకి అయస్కాంత శక్తి మహా బలంగా ఉంటే, వచ్చే వాయువు దాని ధ్రువాల దగ్గర మాత్రమే పడుతుంది. అక్కడ రెండు మచ్చలు భగభగ మండుతాయి. తార తిరుగుతున్నకొద్దీ ఆ మచ్చ మనవైపు వచ్చినప్పుడల్లా ఒక మెరుపు. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ చూశారా? దీపం ఆరి వెలుగుతున్నట్టు కనిపిస్తుంది గానీ అది తిరుగుతోందంతే. అలా క్రమం తప్పకుండా మెరిసేదే పల్సర్.

హెర్క్యులిస్ ఎక్స్-1 అనే పల్సర్ సెకనుకు కొంచెం పైన, 1.24 సెకన్లకోసారి మెరుస్తుంది. 1.7 రోజులకోసారి తన జంట చుట్టూ తిరిగొస్తుంది. 1990ల మొదట్లో హైదరాబాద్ బెలూన్లు చూసిన జి.ఎక్స్. 1+4 అనేది చాలా నిదానస్తురాలు. ఒక్కసారి తిరగడానికి దానికి సుమారు రెండు నిమిషాలు. దాని జంట ఉబ్బిపోయిన ముసలి ఎర్ర తార. ఈ పల్సర్ 1970లలో అంతకంతకూ వేగం పుంజుకుంది. 1980లలో రివర్సయి వేగం తగ్గడం మొదలుపెట్టింది! మీద పడే వాయువు బొంగరాన్ని కొట్టినట్టు ఒకప్పుడు ముందుకి తోస్తుంది, ఒకప్పుడు ఆపుతుంది. ఎందుకలా అన్నది తేల్చాలంటే మళ్లీ మళ్లీ చూడాలి, ఎక్స్‌రేలు ఎన్ని వస్తున్నాయో, ఎంత గట్టివో లెక్క రాసుకోవాలి. అడవిలో పడే పెట్టెకి ఒప్పజెప్పే పని ఇలాంటిదే.

అన్ని జంటల్లోనూ న్యూట్రాన్ తారే ఉండాలని లేదు. హంస రాశిలోని సిగ్నస్ ఎక్స్-1లో ఉన్నది కృష్ణబిలం. దాని జంట పెద్ద నీలి తార, 5.6 రోజులకి ఒక చుట్టు. దానికి నేల అంటూ లేదు గనుక పల్సర్‌లా లెక్కగా మెరవదు, ఇష్టమొచ్చినట్టు మిణుకుమంటుంది.

కాగితం మీద పావు అంగుళం

పల్సర్ల మాటెత్తి జోసెలిన్ బెల్ పేరు చెప్పకుండా దాటిపోవడం నాకిష్టం లేదు.

1967లో ఆవిడ ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జిలో పిహెచ్.డి. విద్యార్థిని. సొంతూరు ఉత్తర ఐర్లండ్. ఆకాశం నుంచి రేడియో తరంగాలు పట్టడానికి నాలుగున్నర ఎకరాల పొలంలో గుంజలు పాతి తీగలు కట్టే పనిలో తనూ సుత్తి పట్టుకుంది. తర్వాత యంత్రం రోజూ కక్కే ముప్ఫై మీటర్ల కాగితం మీది గీతలు చదవడం ఆవిడ పని. కంప్యూటర్లు కాదు, కళ్లతో! అంత పొడుగు కాగితంలో ఒక పావు అంగుళం మేర గీత కాస్త చిత్రంగా ఉంది. బియ్యంలో రాయిని మన కళ్లు పట్టేసినట్టు ఆవిడ కళ్లు దాన్ని పట్టేశాయి. వదిలేయలేదు. మళ్లీ మళ్లీ వెతికి, అది 1.33 సెకన్లకోసారి తప్పకుండా కొట్టుకుంటోందని తేల్చింది. మొదట్లో దానికి తమాషాకి ‘బుల్లి పచ్చ మనుషులు’ అని పేరు పెట్టుకున్నారు. అదే మొదటి పల్సర్.

1968లో వార్త బయటికొచ్చాక విలేఖరులు వచ్చారు. ఆవిడ గురువుని శాస్త్రం గురించి అడిగారు. ఆవిడని మాత్రం ఎంతమంది బాయ్‌ఫ్రెండ్స్ అనీ, ఒంటి కొలతలు ఎంతనీ అడిగారు! 1974లో నోబెల్ బహుమతి ఆవిడ గురువు హ్యూయిష్‌కీ, మార్టిన్ రైల్‌కీ వచ్చింది. జోసెలిన్‌కి రాలేదు.

తర్వాతి కథ మన పాఠకురాళ్లకి ఇంకా దగ్గరగా ఉంటుంది. భర్తది బదిలీల ఉద్యోగం. ఆయన వెంట ఊళ్లు మారుతూ, కొడుకుని పెంచుతూ, చాలా ఏళ్లు పార్ట్‌టైం ఉద్యోగాలే చేసింది. ఎక్కడ ఏ ఖగోళ శాస్త్రం పని దొరికితే అది. అలా చేరినవాటిలో ఒకటి ఎక్స్‌రే పరిశోధన, ఏరియల్-5 అనే బ్రిటిష్ ఉపగ్రహం మీద. అది 1974 అక్టోబర్ 15న ఆకాశానికెక్కింది. సరిగ్గా అదే రోజు నోబెల్ ప్రకటన వెలువడింది! చేయాల్సిన పని చేతిలో ఉండగా ఆ వార్త విన్నదన్నమాట. 2018లో ముప్ఫై లక్షల డాలర్ల బ్రేక్‌త్రూ బహుమతి వస్తే, అదంతా భౌతికశాస్త్రం చదవడానికి అవకాశం అందనివాళ్ల స్కాలర్‌షిప్పులకి ఇచ్చేసింది. బహుమతి రాకపోయినా ఆవిడ చిన్నబోలేదని చాలామంది మెచ్చుకుంటారు. ఆవిడ పెద్దమనసు ఆవిడది, కానీ దాంతో ఆ అన్యాయం న్యాయం అయిపోదని నా అభిప్రాయం.

ఇంకొకావిడ పేరు కూడా చెప్పాలి. ఎక్స్‌రే తారల్ని చూడటానికే ప్రపంచంలో మొదట పంపిన ఉపగ్రహం ‘ఉహురు’. స్వాహిలీ భాషలో స్వాతంత్య్రం అని అర్థం. 1970 డిసెంబర్ 12న, కెన్యా స్వాతంత్య్ర దినాన, కెన్యా తీరం దగ్గరి సముద్ర వేదిక మీంచి పంపారు. ఆ ప్రాజెక్టు మొత్తం నడిపించింది మార్జొరీ టౌన్‌సెండ్ అనే ఇంజనీరు. ఎక్స్‌రే వెలుగులు జంట తారల నుంచి వస్తున్నాయని రుజువైంది ఉహురు లెక్కలతోనే. సెంటారస్ ఎక్స్-3 అనే తార 4.8 సెకన్లకోసారి మెరుస్తూ, 2.1 రోజులకోసారి జంట చాటుకి వెళ్లి మాయమవడం అది పట్టుకుంది.

బెలూన్ నుంచి శ్రీహరికోటకి

మన దేశం తొలి ఉపగ్రహం ఆర్యభట్ట 1975 ఏప్రిల్ 19న వెళ్లింది కదా, అందులోనూ ఎక్స్‌రే పరికరం ఉంది. కరెంటు సరఫరా చెడిపోయి ఆ ప్రయోగం కొద్ది రోజులకే ఆగిపోయింది. మళ్లీ 1996 మార్చి 21న శ్రీహరికోట నుంచి ఐ.ఆర్.ఎస్.-పి3తో పాటు ఎక్స్‌రే పరికరాలు పంపారు. పూర్తిగా ఖగోళ శాస్త్రం కోసమే పంపిన మొదటిది ఆస్ట్రోశాట్, 2015 సెప్టెంబర్ 28న. ఐదేళ్లు పనిచేస్తే చాలనుకుని పంపిన ఆ ఉపగ్రహం ఆ గడువు దాటి కూడా పనిచేసింది. అందులోని పెద్ద ఎక్స్‌రే పెట్టెలు మూడు ముంబయిలో టాటా సంస్థలోనే తయారయ్యాయి. లోపల జీనాన్ వాయువే! హైదరాబాద్ బెలూన్లకి కట్టి, పొలాల్లో దించి, మళ్లీ తెచ్చి బాగుచేసుకుని నేర్చుకున్న విద్యే అంత ఎత్తుకి వెళ్లింది. ఆస్ట్రోశాట్ మీద పనిచేసినవాళ్లలో సీతా సోమసుందరం గారున్నారు. ఎక్స్‌రే ఖగోళ శాస్త్రంలో పరిశోధన చేసి, ఇస్రో స్పేస్ సైన్స్ ప్రోగ్రామ్ ఆఫీసుకి డైరెక్టర్‌గా చేశారు.

2024 జనవరి 1న, మనం గుమ్మాల ముందు కొత్త సంవత్సరం ముగ్గులు వేసిన పూట, శ్రీహరికోట నుంచి ఎక్స్‌పోశాట్ ఎగిరింది. ఎక్స్‌రేల అలలు ఏ దిక్కుకి ఊగుతున్నాయో కొలవడం దాని పని. అలా కొలిస్తే పల్సర్ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఎలా ఉందో తెలుస్తుంది.

ఉపగ్రహాలు వచ్చాక బెలూన్లతో పనేముందని అడగొచ్చు. కొత్త పరికరాన్ని పైకి పంపే ముందు పరీక్షించాలంటే బెలూన్ చౌక, పాడైతే కిందికి తెచ్చి చూసుకోవచ్చు. ఉపగ్రహాన్ని కిందికి తేలేం కదా!

మళ్లీ మన అడవి సంగతి. 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో ఓ పొలంలో గుండ్రటి పెద్ద వస్తువు దిగితే ఊరంతా తిరునాళ్లలా వచ్చి చూశారు. తర్వాత తెలిసిందేమంటే అది స్పెయిన్ కంపెనీ వాళ్ల ప్రయోగపు గూడు, హైదరాబాద్ బెలూన్ మీద ఎగిరొచ్చింది. అక్కడ అది వింత. మన సరిహద్దులో వైర్లు వేలాడే పెట్టె కనబడటం వింతతో పోయేది కాదు. మందుపాతరల మాటలు విని పెరిగిన పల్లెలివి. కనబడితే భయపడి దూరం పోతారు, లేదా పిల్లలు కట్టె పెట్టి పొడుస్తారు. రెండూ ఆ పెట్టెకి గానీ మనుషులకి గానీ మంచివి కావు. పైగా పెట్టె దిగేది తెల్లవారే వేళల్లో. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆ వేళకి అడవిలో ఉండేది ఎవరు? ఇప్పపూలు ఏరుకునే ఆడవాళ్లు. అందులో చాలామంది ఇంట్లో మాట్లాడేది కోయ భాష. దినపత్రిక ప్రకటన వాళ్ల దాకా ఎలా వెళుతుంది?

అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు, డ్వాక్రా సంఘాల లీడర్లు ఈ పేజీ చదువుతారని నాకు తెలుసు. సంఘం మీటింగులో అయిదు నిమిషాలు చాలు. రంగుల పారాచూట్, కింద పెట్టె, మీద అడ్రసు. ముట్టుకోవద్దు, విప్పొద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. పోలీస్ స్టేషన్ అంటే బెరుకైతే పోస్టాఫీసులో చెప్పినా చాలు. బహుమతి అడిగి మరీ తీసుకోండి, అది మీ హక్కు.

ఇక బెలూన్ కేంద్రం వారికి ఒక విన్నపం. పెట్టె మీద అడ్రసు పక్కన ఇంకో రెండు వాక్యాలకి చోటుంటుంది. తెలుగులో ఒకసారి, తెలుగు అక్షరాల్లోనే కోయలో ఒకసారి రాయించవచ్చు. నన్ను రాయమంటే ఇలా రాస్తాను: “అమ్మా, ఈ పెట్టె నిన్న రాత్రి మేఘాల మీంచి ఒక చనిపోయిన చుక్కని చూసి వచ్చింది. ఆ చుక్క పేరు ఇది, అది మీ ఊరి ఆకాశంలో ఫలానా వైపు, ఫలానా వేళకి పొడుస్తుంది.”